జనవరిలో కొడచాద్రి ట్రెక్: పిడుదుల (టిక్‌ల) సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి (దోమల గురించి కూడా)

కొండగాలి (జేపీ నగర్)
అందరికీ నమస్కారం. జనవరి మూడో వారంలో మా ఆఫీసు వాళ్ళం కొడచాద్రి ఎక్కి, జోగ్ జలపాతం చూసుకుని వద్దామని అనుకున్నాం. రాత్రి తాళగుప్ప రైలెక్కి సాగరలో దిగి, అక్కడి నుంచి జీపులో వెళ్ళి, ఒక రాత్రి హోమ్‌స్టేలో ఉంటాం. అంతా కుదిరిందనుకుంటుంటే మా టీమ్‌లోని శివమొగ్గ అబ్బాయి "మంగన కాయిలె సీజన్ కదా, చూసుకోండి" అని గ్రూపులో ఒక ముక్క వదిలి ఊరుకున్నాడు. సగం మందికి టెన్షన్ పట్టుకుంది. మిగతా సగం "ఆగుంబెలో జలగలకే భయపడలేదు, పిడుదులెంత" అంటున్నారు. నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తగారు ఈ మాట విని, మానేయమని రోజుకోసారి చెబుతున్నారు.

ఒంటికి ఏం రాసుకోవాలి? దోమలకి రాసుకునేదే పిడుదులకీ పనిచేస్తుందా? ఒకవేళ పట్టుకుంటే ఎలా తీయాలి? వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా రాయండి.

బ్రో_బిర్యానీ
చలికాలంలో పురుగులుండవు బ్రో. హాయిగా వెళ్ళిరండి.

తీర్థహళ్ళి కోడలు (బసవనగుడి)
బిర్యానీ తమ్ముడూ, సరిగ్గా అక్కడే అందరూ పొరబడతారు. నాది రాజమండ్రి, మెట్టింది తీర్థహళ్ళి పక్కన వక్కతోటల ఊరు. బెంగళూరు నుంచి వచ్చే ట్రెక్కింగు పిల్లల్ని ఏళ్ళ తరబడి చూస్తున్నాను. వానాకాలంలో జలగల భయంతో పొడుగు మేజోళ్ళు, ఉప్పు మూటలు, పొగాకు, అన్నీ తెచ్చుకుంటారు. జలగ రక్తం తాగి రాలిపోతుంది, దురద తప్ప పెద్దగా ఏం కాదు. డిసెంబరు వచ్చి అడవి ఎండాక జలగలు కనపడవు కదా, ఇక షార్ట్స్, చెప్పులతో దిగుతారు. పిడుదుల కాలం మొదలయ్యేది అప్పుడే. మాకు నవంబరు చివరి నుంచి మే దాకా సీజన్, జనవరి నుంచి మార్చి దాకా మరీ ఎక్కువ. మీరు వెళ్ళేది నట్టనడి సీజన్‌లో.

మంగన కాయిలె అంటే కోతి జబ్బు. డాక్టర్లు క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్ అంటారు, కేఎఫ్‌డీ. క్యాసనూరు మా జిల్లాలోనే, సొరబ తాలూకాలో ఉన్న అడవి. 1957లో అక్కడ కోతులు వరసగా చచ్చిపోతుంటే, చుట్టుపక్కల ఊళ్ళలో జనానికి జ్వరాలు వస్తుంటే వెతికి పట్టుకున్నారు. ఇది డెంగీ కుటుంబానికే చెందిన వైరస్. కాకపోతే దీన్ని మోసేది దోమ కాదు, పిడుదు. సోకిన వందమందిలో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా చనిపోతారని చెబుతారు. 2018-19లో సాగర తాలూకా అరలగోడు వైపు బాగా ప్రబలింది. అప్పుడు మా ఇంట్లో కట్టెలకి కూడా అడవిలోకి ఎవరినీ పంపలేదు.

భయపెట్టడానికి చెప్పట్లేదు. మా వాళ్ళు అక్కడే బతుకుతున్నారు, రోజూ తోటకి వెళుతున్నారు. జాగ్రత్త తెలిసి వెళ్ళాలి, అంతే. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. దారిలో చచ్చిపోయిన కోతి కనిపిస్తే దగ్గరికి పోవద్దు, ఫోటోలు తీయొద్దు. కోతి చచ్చాక దాని ఒంటి మీది పిడుదులన్నీ అక్కడే నేల మీదికి దిగుతాయి. వెనక్కి తిరిగి ఊళ్ళో ఆశా కార్యకర్తకో, ఫారెస్టు వాళ్ళకో చెప్పండి. వాళ్ళొచ్చి చుట్టూ మందు చల్లుతారు.

కొండగాలి
అక్కా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. టీకా ఏమైనా ఉందా?

తీర్థహళ్ళి కోడలు
ఇదివరకు ఉండేది, మాకందరికీ వేసేవాళ్ళు. అంతగా పనిచేయట్లేదని ఆపేశారు. కొత్తదాని మీద ఐసీఎంఆర్, మన హైదరాబాద్ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కలిసి పనిచేస్తున్నాయి. మీ ట్రెక్‌కి అందేది కాదులెండి.

అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డెపా ఆయిల్ అని ఉచితంగా ఇస్తారు. డీఆర్‌డీవో వాళ్ళు తయారుచేసిన మందు అది. అడవికి వెళ్ళే ముందు చేతులకి, కాళ్ళకి పట్టించుకుని, తిరిగొచ్చాక వేడినీళ్ళతో సబ్బు పెట్టి స్నానం చేయాలి. మీ హోమ్‌స్టే వాళ్ళని ముందే ఫోన్ చేసి అడగండి, వాళ్ళ దగ్గర సీసా ఉండొచ్చు.

వెల్లుల్లి వీరుడు
ఇన్ని మందులు అవసరమా? వారం ముందు నుంచి రోజూ రెండు వెల్లుల్లి రెబ్బలు నమలండి. బీ విటమిన్ మాత్ర కూడా. చెమట వాసన మారితే ఏ పురుగూ దగ్గరికి రాదు. మా తాతల నాటి నుంచి ఇదే.

స్టెత్ (మారతహళ్ళి)
వీరుడు గారూ, ఈ రెండింటినీ పరీక్షించి చూశారు, దోమలు లెక్కచేయలేదు. వెల్లుల్లి పప్పులో వేసుకోండి, బాగుంటుంది. మణికట్టుకి కట్టుకునే దోమల బ్యాండ్లు, ఫోనులో మోగే అల్ట్రాసౌండ్ యాప్‌లు కూడా ఆ కోవలోవే.

కొండగాలి గారూ, నేను జనరల్ మెడిసిన్ చేశాను. మీ ప్రశ్నకి సూటిగా చెబుతాను. డీట్, పికారిడిన్ అనే రెండు మందులు దోమలకీ, పిడుదులకీ పనిచేస్తాయి. కొనేటప్పుడు సీసా ముందువైపు బొమ్మ చూడకండి, వెనకవైపు మందు పేరు, శాతం చూడండి. మా ఇంట్లో ఉన్న దోమల క్రీము ట్యూబు మీద డైఇథైల్ బెంజమైడ్ 12 శాతం అని ఉంది. అది డీట్ కాదు. పార్కులో నడకకి చాలు, అడవికి దాన్ని నమ్ముకుని వెళ్ళమని నేను చెప్పను. డీట్ అయితే 20 నుంచి 30 శాతం ఉన్నది తీసుకోండి, కొన్ని గంటలు నిలుస్తుంది. 50 శాతం దాటాక ఇంకా ఎక్కువసేపేమీ పనిచేయదు, అనవసరంగా చర్మం మంట.

సన్‌స్క్రీన్ ముందు, అది ఆరాక ఈ మందు. బట్టల కింద కప్పిన చర్మానికి రాయొద్దు, గాయం మీద రాయొద్దు. ముఖానికైతే అరచేతిలో వేసుకుని, కళ్ళు, నోరు తప్పించి రాసుకోవాలి. చెమటకి కారిపోతే మళ్ళీ రాసుకోవాల్సిందే. రెండు నెలల లోపు పసివాళ్ళకి డీట్ వద్దు. పిల్లల అరచేతులకి ఎప్పుడూ రాయకండి, వెంటనే నోట్లో పెట్టుకుంటారు.

తిరుగుటపా (వైట్‌ఫీల్డ్)
న్యూజెర్సీలో చాలా ఏళ్ళుండి వచ్చాం. అక్కడ పెరట్లోకి వెళ్ళొచ్చినా పిల్లల్ని పిడుదుల కోసం వెతకడం అలవాటు. అక్కడ చెప్పేదేమిటంటే, పిడుదు పట్టుకున్న 24 గంటల లోపు తీసేస్తే లైమ్ అనే జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. కాబట్టి రాత్రి హోమ్‌స్టేకి వెళ్ళాక తీరిగ్గా చూసుకుంటే సరిపోతుంది.

బట్టలకి పెర్మెత్రిన్ అని 0.5 శాతం స్ప్రే దొరుకుతుంది. ప్యాంటు, మేజోళ్ళు, బూట్ల మీద ముందురోజే కొట్టి ఆరబెట్టాలి. పిడుదు దాని మీద పాకితే చచ్చిపోతుంది. ఇంటికొచ్చాక బట్టలు డ్రయ్యర్‌లో హై హీట్‌లో పది నిమిషాలు తిప్పాలి.

స్టెత్
తిరుగుటపా గారూ, పెర్మెత్రిన్ మాట నిజమే. కానీ ఆ 24 గంటల లెక్క లైమ్ జబ్బుది. అది బ్యాక్టీరియా, పిడుదు కడుపులోంచి పైకి రావడానికి సమయం పడుతుంది. లైమ్ ముఖ్యంగా అమెరికా, యూరప్ జబ్బు. ఇక్కడ మన సమస్య వైరస్. వైరస్‌కి అంత వ్యవధి ఉంటుందని నమ్మకూడదు. ఆగిన ప్రతిచోటా చూసుకోవాలి, కనిపించిన క్షణం తీసేయాలి.

ఇంకో మాట. మెడికల్ షాపులో పెర్మెత్రిన్ అడిగితే 5 శాతం క్రీము చేతిలో పెడతారు. అది గజ్జికి ఒంటికి రాసే మందు, బట్టలకి కాదు. బట్టల స్ప్రేని ఒంటికి కొట్టకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే, స్ప్రే కొట్టిన బట్టలు పూర్తిగా ఆరేదాకా దాన్ని ఆ ఛాయలకి రానివ్వకండి, పిల్లులకి అది విషం.

బ్రో_బిర్యానీ
డ్రయ్యర్ అట. మా పీజీలో వాషింగ్ మెషినే వారానికి రెండు రోజులు పనిచేస్తుంది.

తీర్థహళ్ళి కోడలు
మరిగే నీళ్ళు బకెట్లో పోసి బట్టలు నానబెట్టు తమ్ముడూ, చాలు. చన్నీళ్ళలో ఉతికితే మాత్రం పిడుదు చావదు, బతికి బయటికొస్తుంది.

బట్టల గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. లేత రంగు ఫుల్ ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా. ప్యాంటు అంచుని మేజోళ్ళలోకి దోపాలి, చొక్కాని ప్యాంటులోకి దోపాలి. ఫోటోలకి బాగుండదని మా ఆడపడుచు కొడుకే వినడు, మీరెంత వింటారో! కారణం వినండి. పిడుదు ఎగరదు, దూకదు. గడ్డిపోచ చివర, పొద ఆకు అంచున ముందుకాళ్ళు చాచుకుని కూర్చుంటుంది, మనం రాసుకుంటూ పోతే అంటుకుంటుంది. అక్కడి నుంచి పైకే పాకుతుంది. ప్యాంటు మేజోళ్ళలో ఉంటే చర్మం దొరక్క బట్ట మీదే పాకుతూ ఉంటుంది, తెల్లటి మేజోడు మీద చుక్క కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఎక్కువగా మనుషుల్ని పట్టేవి పిల్ల పిడుదులు, గసగసాల గింజంత ఉంటాయి. నల్ల ట్రాక్ ప్యాంటు మీద దేవుడికి కూడా కనపడవు.

బాట మధ్యలో నడవండి. ఎండుటాకుల కుప్పల మీద కూర్చోవద్దు, పడుకోవద్దు. మా దగ్గర ఈ జబ్బు ఎక్కువగా ఎండుటాకులు, కట్టెలు ఏరేవాళ్ళకే వస్తుంది. భోజనానికి రాతి మీదో, ప్లాస్టిక్ పట్టా మీదో కూర్చోండి. బ్యాగులు కూడా గడ్డిలో పడేయొద్దు.

బ్రూనో అమ్మ (కోరమంగళ)
మేం బ్రూనోని కూడా తీసుకెళ్దామని ఫిబ్రవరిలో సకలేశపుర వైపు ప్లాన్ చేశాం. ఇది చదివాక ఆలోచన మారుతోంది. బెంగళూరులోనే పార్కుకి తీసుకెళ్ళొస్తే చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు (పిడుదులే) దొరుకుతాయి. పోయినేడు జ్వరం వచ్చి తిండి మానేస్తే రక్తపరీక్షలో ఎర్లిచియా అని, పిడుదుల వల్ల కుక్కలకి వచ్చే జబ్బు అన్నారు. ఒక క్లినిక్‌లో ముందు వడదెబ్బ అని పంపేశారు, రెండోచోట పట్టుకున్నారు. అప్పటి నుంచి డాక్టరు రాసిన మాత్ర వేస్తున్నాం. అది వేసినా కుక్క ఒంటి మీద మన ఇంట్లోకి వస్తాయా?

స్టెత్
వస్తాయి. మాత్ర పనిచేసేది పిడుదు కరిచాకే. కరవకుండా బొచ్చులో ఊరికే తిరిగేవి మీ సోఫా ఎక్కొచ్చు. మీ బ్రూనో ఒంటి మీదివి కుక్కపిడుదులు, కేఎఫ్‌డీని ప్రధానంగా మోసే అడవి పిడుదు వేరే జాతి. అయినా మలెనాడు (పశ్చిమ కనుమల కొండసీమ) అడవికి కుక్కని తీసుకెళ్ళొద్దనే నా సలహా. కుక్కపిడుదులు ఇంట్లో గోడ పగుళ్ళలో కూడా గుడ్లు పెడతాయి, ఒక్క ఆడది వేలల్లో. మీవరకు పడక బట్టలు వేడినీళ్ళలో ఉతుకుతూ, మూలలు వాక్యూమ్ చేస్తూ ఉండండి.

కొండగాలి
తీసే పద్ధతి చెప్పండి డాక్టరు గారూ. మా మేనేజరు అగ్గిపుల్లతో కాల్చాలంటున్నాడు. మా అత్తగారు కిరసనాయిలు అంటున్నారు.

స్టెత్
రెండూ వద్దు. నెయిల్ పాలిష్, కొబ్బరినూనె, సున్నం, ఏవీ వద్దు. వాటికి చిరాకేస్తే కడుపులోది మన ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. సన్నటి మొన ఉన్న ట్వీజర్స్ ఒకటి కొనుక్కోండి, కనుబొమలకి వాడే చదును మొనది కాదు. పిడుదు పొట్టని పట్టుకోకండి, చిట్లుతుంది. చర్మానికి ఆనించి, దాని తల దగ్గర పట్టుకోవాలి. మెలి తిప్పకుండా, గుంజకుండా, తిన్నగా పైకి ఒకే బలంతో లాగుతూ ఉండాలి. చర్మం కొంచెం పైకి లేస్తుంది, కంగారుపడి వదిలేయకండి, కాసేపటికి అదే ఊడి వస్తుంది. నోటిముక్క లోపల విరిగిపోతే, తేలిగ్గా వస్తే తీయండి, లేకపోతే సూదులతో కెలక్కుండా వదిలేయండి. తర్వాత సబ్బు, స్పిరిట్. తీసినదాన్ని గోళ్ళతో నలపకుండా స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేయండి.

వెతకాల్సింది ఎక్కడంటే చెవుల వెనక, జుట్టు మొదళ్ళు, చంకలు, బొడ్డు, నడుము పట్టీ కింద, తొడల సందు, మోకాళ్ళ వెనక. సిగ్గుపడితే కుదరదు, వీపు ఇంకొకరు చూడాలి. కరిచినప్పుడు నొప్పి తెలియదు కాబట్టి "నాకేం కుట్టలేదు" అనే మాటకి విలువ లేదు.

తిరిగొచ్చాక జ్వరం వస్తే ఇది ముఖ్యం. సాధారణంగా కరిచిన 3 నుంచి 8 రోజుల్లో ఒక్కసారిగా చలిజ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్ళంతా నొప్పులు. కొందరికి తగ్గిపోయి ఒకటి రెండు వారాలయ్యాక మళ్ళీ వస్తుంది, రెండోసారి మెదడుకి సంబంధించిన లక్షణాలు ఉండొచ్చు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు, ఆస్పత్రిలో కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. బెంగళూరులో జ్వరం అంటే డాక్టరు ముందు డెంగీ పరీక్షే రాస్తాడు. అది నెగటివ్ వచ్చి వైరల్ అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. లోపలికి వెళ్ళగానే "ఫలానా తేదీల్లో శివమొగ్గ అడవికి వెళ్ళొచ్చాను" అని మొదటి వాక్యంగా చెప్పండి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ మీ అంతట మీరు వేసుకోవద్దు, రక్తస్రావం పెరగొచ్చు. పారాసిటమాల్ చాలు.

పొదల్లో తిరిగినవాళ్ళకి వచ్చే స్క్రబ్ టైఫస్ అని ఇంకోటుంది. కంటికి ఆనని చిగ్గర్ అనే పురుగు పిల్లలు (మంచంలో నల్లులు కావు) కుడితే వస్తుంది. ఆంధ్రలో, తమిళనాడులో కూడా చూస్తుంటాం. కుట్టినచోట నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. దానికి డాక్సీసైక్లిన్ చక్కగా పనిచేస్తుంది, కానీ ఎవరో ఒకరు ఆ పెచ్చుని చూడాలి కదా.

మలేరియా మాస్టారు
నమస్కారం. ఆరోగ్య శాఖలో మలేరియా విభాగంలో పనిచేసి రిటైరై, ఇప్పుడు కొడుకు దగ్గర హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటున్నాను. పిడుదుల గురించి డాక్టరుగారు బాగా చెప్పారు. ఈ చర్చ శీర్షికలో దోమలు కూడా ఉన్నాయి కాబట్టి నా వంతు.

మీరంతా అడవికి ఇన్ని ఏర్పాట్లు చేసుకుంటున్నారు. అగర చెరువు చుట్టూ సాయంత్రం నడకకి మాత్రం అందరూ నిక్కర్లతోనే వస్తారు. డెంగీ మోసే ఈడిస్ దోమ పగటిపూట కుడుతుంది, పొద్దున్నే ఒకసారి, పొద్దువాలే ముందు ఒకసారి మరీ జోరుగా. మన నడక సమయాలు సరిగ్గా అవే. రాత్రి దోమతెర కట్టుకుని పగలు వదిలేస్తే లాభం లేదు. చీలమండల దగ్గర, మోచేతుల వెనక కుడుతుంది, చప్పుడు కూడా పెద్దగా వినపడదు.

చెరువు వల్లే డెంగీ అని అపార్ట్‌మెంట్ల వాళ్ళు తిడుతుంటారు. చెరువు పక్క మురుగులో పుట్టేది క్యూలెక్స్ అనే వేరే దోమ. ఈడిస్‌కి మంచినీళ్ళు కావాలి, అదీ నిలవ నీళ్ళు. పుట్టినచోటు నుంచి మహా అయితే 400 మీటర్లు పోతుంది. కాబట్టి మీ కాలి మీద వాలింది మీ టెర్రస్ మీద పుట్టిందో, ఎదురుగా కడుతున్న బిల్డింగులో పుట్టిందో అయి ఉంటుంది. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించి జరిమానాలు పెట్టింది. నగరంలో ఇంటికి 400 రూపాయలు, వ్యాపార స్థలాలకి వెయ్యి, నిర్మాణ స్థలాలకి రెండు వేలు. వసూలు ఎంత చేశారో గానీ, ఆలోచన సరైనదే.

ఇక్కడో చిన్న కథ చెప్పాలి. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడని మనవాళ్ళందరికీ తెలుసు. ఆయన అంతకుముందు, 1883 ప్రాంతంలో, ఈ బెంగళూరులోనే సైనిక వైద్యుడు. తన బంగళాలో దోమలెక్కువయ్యాయని వెతికితే కిటికీ పక్క నీళ్ళ పీపాలో పిల్లలు దొరికాయి. పీపా తిరగేస్తే దోమలు తగ్గాయి. ఇప్పటికీ మన బాల్కనీల్లో ఆ పీపాలే, మనీ ప్లాంటు సీసా అని, ఫ్రిజ్ వెనక ట్రే అని పేర్లు మారాయి.

బ్రూనో అమ్మ
మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ప్రతి శనివారం పొగ కొట్టిస్తారు మాస్టారూ, అయినా తగ్గట్లేదు.

మలేరియా మాస్టారు
పొగకి చచ్చేవి ఆ గంటలో ఎగురుతున్న పెద్ద దోమలే. గుడ్లకి, నీళ్ళలో పిల్లలకి ఏమీ కాదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు, శనివారం లోపు కొత్త మంద వస్తుంది. ఈడిస్ గుడ్డయితే ఎండిన కుండీ అంచున నెలల తరబడి ప్రాణంతో ఉంటుంది, నీళ్ళు తగలగానే పొదుగుతుంది. అందుకే నీళ్ళు పారబోయడంతో సరిపెట్టక లోపలి గోడని పీచుతో తోమాలి. పొగకి పెట్టే డబ్బులతో సంపుల మూతలు బాగుచేయించమనండి. పారబోయలేని తొట్టెల్లో బీటీఐ అనే, దోమ పిల్లల్ని చంపే బ్యాక్టీరియా మందు వేయొచ్చు, తామర కుండీల్లో గప్పీ చేపలు వదలొచ్చు.

బాల్కనీలో కూర్చునేవాళ్ళకి ఒక చిట్కా. టేబుల్ ఫ్యాన్ కాళ్ళ వైపు తిప్పి పెట్టండి. దోమకి గాలిలో ఎదురీదే శక్తి తక్కువ. నాకు తెలిసినంతలో దీనికి మించిన చవక మందు లేదు.

కొండగాలి
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, అందరికీ ధన్యవాదాలు. నిర్ణయం ఇదీ. కొడచాద్రి మానడం లేదు. హోమ్‌స్టే ఆవిడకి ఫోన్ చేశాను, ఈ సీజన్‌లో వాళ్ళ చుట్టుపక్కల కోతులు చచ్చాయన్న మాట ఇంతవరకు లేదంది. బయల్దేరే ముందురోజు మళ్ళీ అడుగుతాను, తేడాగా చెబితే జోగ్ మాత్రం చూసి వచ్చేస్తాం. అడవిలో అడ్డదారులు, టెంటులో పడుకోవడం రద్దు. డీట్ స్ప్రే, మొన ట్వీజర్స్ రెండు, స్పిరిట్ సీసా కొన్నాను. తెల్ల మేజోళ్ళు అందరికీ ఆర్డర్ పెట్టాను, మా మేనేజరుకి కూడా. డెపా ఆయిల్ సీసా హోమ్‌స్టేలో ఉందట. తిరిగొచ్చిన రోజు నుంచి రెండు మూడు వారాలు ఎవరికి జ్వరం వచ్చినా గ్రూపులో వెంటనే చెప్పాలని రూలు పెట్టాం. అత్తగారు ఇంకా గొణుగుతున్నారు కానీ ఉప్మారవ్వ మూట కట్టిస్తున్నారంటే సగం ఒప్పుకున్నట్టే.

బ్రో_బిర్యానీ
ఒక సీటు ఖాళీ ఉందా అన్నా?

కొండగాలి
ఉంది. షార్ట్స్‌లో వస్తే రైలెక్కనివ్వను.

మలేరియా మాస్టారు
బయల్దేరే ముందు మీ బాల్కనీ కుండీల కింద ప్లేట్లలో నీళ్ళు పారబోసి, బోర్లించి వెళ్ళండి నాయనా. బాత్రూములో నింపిపెట్టిన బకెట్లు కూడా.